మూడు వేల పేజీల ఫైలులో ఒక నర్సు నోటు

నేను నర్సుని. చాలాకాలం ఎమర్జెన్సీ వార్డులో పనిచేశాక, అమెరికాలో ప్రమాద బాధితుల తరఫున కేసులు నడిపే ఒక లా ఆఫీసులో చేరాను. ఇక్కడ నా ఉద్యోగాన్ని లీగల్ నర్స్ కన్సల్టెంట్ అంటారు. కోర్టులో వాదించడం నా పని కాదు. ఆసుపత్రుల నుంచి వచ్చిన మెడికల్ రికార్డులు చదివి, ప్రమాదానికి ముందు ఈ మనిషి ఆరోగ్యం ఎలా ఉండేది, ప్రమాదంలో ఏమైంది, ఇప్పటికీ తగ్గనిది ఏమిటి అన్నది తేదీల వారీగా రాసి లాయర్‌కి ఇస్తాను. దాన్ని మేం క్రొనాలజీ అంటాం. ఇంత పరిహారం ఇవ్వాలని అడుగుతూ ఇన్సూరెన్స్ కంపెనీకి పంపే డిమాండ్ లెటర్ అయినా, ఆ తర్వాత కోర్టులో జరిగే వాదన అయినా చాలావరకు దాని మీదే నిలబడతాయి.

ఈ రెండు మూడేళ్లలో ఏఐ అన్నింటికన్నా ఎక్కువగా మార్చింది ఈ పనినే. తెలిసినవాళ్లు 'మరి నీ ఉద్యోగం సంగతేంటి' అని అడుగుతున్నారు. నన్ను ఆలోచింపజేస్తున్న ప్రశ్న అది కాదు. రోజులు పట్టే చదువు గంటల్లోకి వచ్చేసింది కదా, ఆ ఆదా అయిన సమయం ఎవరికి దక్కుతోంది? దెబ్బ తగిలినవాళ్లకా, లా ఆఫీసుకా, ఇన్సూరెన్స్ కంపెనీకా? ఈ పోస్టు రాయడానికి కారణం ఆ ప్రశ్నే.

కారు ప్రమాదంలో గట్టి దెబ్బలు తగిలి ఆసుపత్రిలో చేరిన మనిషి ఫైలు రెండు మూడు వేల పేజీలు ఉండటం మామూలే. అందులో చాలా భాగం సంతకాలు పెట్టించుకున్న ఫారాలు, ప్రతి షిఫ్టులో మళ్లీ ప్రింటయిన మందుల పట్టికలు, నాలుగు చోట్ల కనిపించే ఒకే ల్యాబ్ రిపోర్టు. పైగా అన్నీ ఒకచోటి నుంచి రావు. అంబులెన్స్ వాళ్ల కాగితం, రేడియాలజీ, ఫిజియోథెరపీ, బిల్లులు అన్నీ విడివిడిగా, వేర్వేరు నెలల్లో వస్తాయి. ఇంతకుముందు వీటిని వరుసలో పెట్టుకోవడానికే సగం ఓపిక అయిపోయేది. ఇప్పుడు ఫైలు మొత్తం సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కిస్తే, కాసేపట్లో తేదీల వారీగా సారాంశం తయారవుతుంది. ప్రతి వాక్యం పక్కన అది ఏ పేజీలోదో నంబరు ఉంటుంది.

ఇది నిజంగా మంచి మార్పు. పొగడాల్సిన చోట పొగడాలి. డాక్టర్ నోటులో ఒక మూల 'కైరోప్రాక్టర్ (వెన్ను, మెడ కీళ్లను చేత్తో సరిచేసే చికిత్సకుడు) దగ్గరికి వెళ్తున్నారు' అని ఉంటే, ఆ కైరోప్రాక్టర్ రికార్డులు మన ఫైలులో లేవని పట్టిస్తుంది. చికిత్స మధ్యలో ఆరు వారాలు ఎక్కడికీ వెళ్లలేదంటే ఆ ఖాళీని చూపిస్తుంది. ఆ ఖాళీ చాలా ముఖ్యం. పరిహారం ఎంతివ్వాలో తేల్చే ఇన్సూరెన్స్ కంపెనీ ఉద్యోగి, అంటే అడ్జస్టర్, కన్ను ముందు పడేది దానిమీదే. 'ఆరు వారాలు వెళ్లలేదంటే తగ్గిపోయిందన్న మాటే కదా' అంటాడు. అసలు కారణం రికార్డుల్లో ఉండదు. కాపే, అంటే ఇన్సూరెన్స్ ఉన్నా ప్రతిసారీ తను కట్టాల్సిన వాటా, కట్టడానికి డబ్బు లేకపోవచ్చు, సెలవు దొరక్కపోవచ్చు, స్పెషలిస్ట్ అపాయింట్‌మెంట్ అంత ఆలస్యంగా ఇచ్చి ఉండొచ్చు. ఖాళీ ఉందని యంత్రం చెప్పగలదు. ఎందుకుందో తెలియాలంటే మనిషికి ఫోన్ చేసి అడగాలి.

ఇక అది తడబడే చోట్లు చెప్తాను. వీటి గురించి బయట ఎవరూ పెద్దగా రాయడం లేదు.

ఆసుపత్రి రికార్డులు పుట్టే తీరే ఒక సమస్య. కంప్యూటర్ వ్యవస్థలు వచ్చాక డాక్టర్లు నిన్నటి నోటును ఇవాళ్టికి కాపీ చేసి, మారినవి దిద్దుతారు. పని ఒత్తిడిలో కొన్ని దిద్దకుండా మిగిలిపోతాయి. కాలికి రాడ్ వేసి, చంక కర్రలతో నడుస్తున్న మనిషి నోటులో 'నడక మామూలుగా ఉంది' అని కనబడటం నేను చాలా చూశాను. ముందే నింపి ఉన్న టెంప్లేట్‌లోంచి వచ్చిన వాక్యం అది. వార్డులో పనిచేసినవాళ్లకి చూడగానే తెలుస్తుంది. ఏఐకి మాత్రం అది డాక్టర్ రాసిన మాట. వరసగా పది నోట్లలో ఉంటే ఇంకా గట్టి మాటగా కనిపిస్తుంది. సారాంశంలో 'రోగి మామూలుగా నడుస్తున్నట్టు పలుమార్లు నమోదైంది' అని వస్తుంది. ఒకరు దిద్దడం మర్చిపోయిన వాక్యం, పది సార్లు నమోదైన సాక్ష్యంగా మారుతుంది.

బిల్లులూ అంతే. ఒకే ఎంఆర్ఐకి రెండు బిల్లులు వస్తాయి. మిషన్, గది, టెక్నీషియన్ పనికి ఆసుపత్రి ఒకటి పంపుతుంది. ఫిల్మ్ చదివి రిపోర్టు ఇచ్చిన రేడియాలజిస్టు తన బిల్లు వేరుగా, ఇది డాక్టర్ పనికి మాత్రమే అని చెప్పే 26 అనే గుర్తు (మాడిఫయర్) తగిలించి పంపుతారు. రెండూ కట్టాల్సినవే. తేదీ ఒకటే, పరీక్ష ఒకటే కాబట్టి సాఫ్ట్‌వేర్ ఒకదాన్ని డూప్లికేట్ అని తీసేస్తే క్లయింట్ నష్టపోతారు. నిజంగానే రెండుసార్లు వచ్చిన బిల్లును రెండుసార్లు కూడితే మన లెటర్ మీద నమ్మకం పోతుంది. రోగనిర్ధారణకు వాడే ఐసీడీ-10 కోడ్‌లలో గాయాలకు చివర ఒక అక్షరం ఉంటుంది. ఏ అంటే ఆ గాయానికి చికిత్స జరుగుతున్న దశ, డీ అంటే మానుతున్న దశ, ఎస్ అంటే గాయం తర్వాత మిగిలిపోయిన ఇబ్బంది. ఆ ఒక్క అక్షరాన్ని సరిగా చదవకపోతే పాత గాయం కొత్తదిగా, కొత్తది పాతదిగా తయారవుతుంది.

ఒక కేసు చెప్తాను. గుర్తుపట్టే వివరాలు మార్చేశాను. డెలివరీ వ్యాన్ నడిపే ఒకాయన సిగ్నల్ దగ్గర ఆగి ఉండగా వెనక నుంచి ట్రక్కు గుద్దింది. మెడ నొప్పి, భుజం నొప్పి. ఏఐ ఇచ్చిన సారాంశంలో తల గురించి ఒక్కటే లైను: సీటీ స్కాన్ మామూలు, స్పృహ స్కోరు 15కి 15. అంటే తలకు ఏమీ కాలేదనే అర్థం వస్తుంది. అందులో ఒక్క మాటా అబద్ధం కాదు.

కానీ ఎమర్జెన్సీలో పనిచేసిన మనిషికి అక్కడే అనుమానం వస్తుంది. కంకషన్ అంటే తలకు తగిలిన కుదుపు వల్ల మెదడు పనితీరు దెబ్బతినడం. అది సీటీ స్కాన్‌లో కనబడకపోవడమే మామూలు. సీటీ చూసేది ముఖ్యంగా రక్తస్రావం, ఎముక విరగడం లాంటివాటి కోసం. అందుకని నేను డాక్టర్ నోట్లు పక్కన పెట్టి అంబులెన్స్ కాగితం తెరిచాను. చేత్తో రాసి, వంకరగా స్కాన్ చేసిన కాగితం. సాఫ్ట్‌వేర్ దాన్ని చదవలేక వదిలేసింది. అందులో ఉంది: అడిగిందే మళ్లీ అడుగుతున్నాడు. తర్వాత రాత్రి షిఫ్టు నర్సు నోటు చూశాను. వ్యాన్ ఎక్కడుందని పేషెంట్ మళ్లీ అడిగాడు, ఇంతకుముందే చెప్పాను, గుర్తులేదంటున్నాడు. అంతే, రెండు లైన్లు. సారాంశం తయారు చేసేటప్పుడు ముఖ్యం కానివి కింద పోయాయి ఆ రెండు లైన్లు.

ఇంటికి ఫోన్ చేస్తే భార్య మాట్లాడింది. రోజూ వెళ్లే దారి కూడా ఫోన్‌లో చూసుకుంటున్నాడని, పిల్లలు కాస్త గట్టిగా మాట్లాడితే చెవులు మూసుకుంటున్నాడని చెప్పింది. 'ఇది డాక్టర్‌తో చెప్పారా' అంటే 'మెడ గురించే అడిగారు, మేం మెడ గురించే చెప్పాం' అంది. ఇవన్నీ ఆయన డాక్టర్‌కి చెప్పమన్నాం. ఆ డాక్టర్ పంపిన చోట న్యూరోసైకాలజీ పరీక్షలు, అంటే మెదడు పనితీరును కొలిచే పరీక్షలు, చేశారు. జ్ఞాపకశక్తిలో, ఏకాగ్రతలో లోపం తేలింది. అప్పటికే తయారైపోయిన డిమాండ్ లెటర్‌ని లాయర్ పక్కన పెట్టేశారు.

ఆ లెటర్ అలాగే వెళ్లి రాజీ కుదిరిపోయి ఉంటే? ఒక్కసారి సెటిల్‌మెంట్ కాగితం మీద సంతకం పెడితే మళ్లీ తెరవడం దాదాపు అసాధ్యం. తర్వాత తలనొప్పి అన్నా, మతిమరుపు అన్నా వినేవాళ్లుండరు. అందుకే నేను ఇంత గట్టిగా చెప్తున్నాను.

యంత్రాన్ని నిందించి లాభం లేదు. అది రాసిన ప్రతి వాక్యానికి పేజీ నంబరు ఇస్తోంది. ఆ పేజీ ఎవరో ఒకరు తెరవాలి. అది ఏం చదవలేకపోయిందో కూడా ఎవరో ఒకరు చూడాలి. నా పని పోలేదు, మారింది. వెతకడం తగ్గి, సరిచూడటం పెరిగింది. సరిచూడటం తేలిక పని అనుకునేవాళ్లు ఎప్పుడూ చేసి ఉండరు. చక్కటి భాషలో, పొందికగా రాసి ఉన్నదాన్ని అనుమానించడానికి చాలా శ్రద్ధ కావాలి.

అవతలి పక్షం ఈ దారిలోకి ఎప్పుడో వచ్చింది. కొలోసస్ అనే సాఫ్ట్‌వేర్ ఆస్ట్రేలియాలో పుట్టి, 1990లలో అమెరికా ఇన్సూరెన్స్ కంపెనీల్లోకి వచ్చింది. అడ్జస్టర్ గాయాల వివరాలు, చికిత్స వివరాలు ఎక్కిస్తే ఆ కేసుకు ఎంత నుంచి ఎంత వరకు ఇవ్వొచ్చో చెప్పేది. దాన్ని వాడిన తీరు మీద జరిగిన విచారణ తర్వాత 2010లో ఆల్‌స్టేట్ కంపెనీ 45 రాష్ట్రాల నియంత్రణ అధికారులతో ఒప్పందానికి వచ్చి కోటి డాలర్లు కట్టింది. దాని ప్రభావం లాయర్ల రాతల మీద కూడా పడింది. నొప్పి ఉన్నా తప్పక చేస్తున్న పనులు ఏమిటి అన్నది ఆ సాఫ్ట్‌వేర్ విడిగా లెక్కేసేది. రికార్డులో లేకపోతే లెక్కలోకి రాదు. దాంతో 'మోకాలు నొప్పిగా ఉంది' అని చెప్పి ఊరుకోకండి, 'మెట్లు ఎక్కడానికి గోడ పట్టుకుంటున్నాను' అని డాక్టర్‌కి చెప్పండి అని లాయర్లు క్లయింట్లకి చెప్పడం మొదలైంది. నిజాన్ని వివరంగా చెప్పమనడంలో తప్పు లేదు. కానీ మనిషి తన బాధను యంత్రం వినే భాషలో చెప్పాల్సిన పరిస్థితి అప్పుడే వచ్చేసింది.

ఇప్పుడు ఇటు లెటర్ రాసేది ఏఐ, అటు దాన్ని చదివి సారాంశం తీసేది కూడా ఏఐ. ఈ మధ్య బయటి ఆఫీసుల నుంచి మాకు బదిలీ అయి వచ్చే ఫైళ్లలో డిమాండ్ లెటర్లు చూస్తుంటే, పేర్లు తీసేస్తే ఏది ఎవరిదో చెప్పలేం. అందరికీ 'జీవన నాణ్యత తీవ్రంగా దెబ్బతింది'. ఎవరి జీవితం, ఏం దెబ్బతింది? ఆ వ్యాన్ డ్రైవర్ పిల్లల గొంతు వినలేక చెవులు మూసుకుంటున్నాడన్న ఒక్క వాక్యం ఆ పేజీలన్నిటికన్నా ఎక్కువ చెప్తుంది. ఆ వాక్యం ఏ రికార్డులోనూ లేదు. ఫోన్‌లో దొరికింది.

కోర్టుల సంగతి చాలామందికి తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెప్తాను. ఏఐ సృష్టించిన దొంగ తీర్పుల గొడవ మొదట పెద్దదైంది గాయాల కేసులోనే. విమానంలో తిండి, పానీయాలు అందించే బండి మోకాలికి తగిలిందని ఒక ప్రయాణికుడు అవియాంకా విమాన సంస్థ మీద కేసు వేశాడు. ఆయన లాయర్లు చాట్‌జీపీటీ ఇచ్చిన, అసలు లేని తీర్పులను కోర్టు ముందు పెట్టారు. 2023 జూన్‌లో న్యూయార్క్ ఫెడరల్ జడ్జి కెవిన్ కాస్టెల్ 5,000 డాలర్ల జరిమానా వేసి, ఆ దొంగ తీర్పులు రాసినట్టు చూపించిన నిజమైన జడ్జిలందరికీ ఉత్తరాలు పంపమన్నారు. అక్కడితో ఆగుతుందనుకున్నాం. 2025లో వయోమింగ్‌లో హోవర్‌బోర్డ్ అంటుకుని ఇల్లు కాలిన కేసులో బాధితుల లాయర్లు చూపిన తొమ్మిది తీర్పుల్లో ఎనిమిది లేనివే. వాళ్లు వాడింది బయటి చాట్‌బాట్ కూడా కాదు, తమ సంస్థ సొంత ఏఐ. లాయర్లకి పడ్డ జరిమానాలు వార్తల్లోకొచ్చాయి. ఆ ఇంట్లో కాలిన గాయాలతో ఉన్నవాళ్లు ఆ నెలలు ఎలా గడిపారో ఎవరూ రాయలేదు.

నన్ను ఇంతకన్నా భయపెట్టేది గడువుల విషయం. ప్రమాదం జరిగాక ఇన్నేళ్లలోపు కేసు వేయాలని ప్రతి రాష్ట్రానికీ ఒక చట్టం ఉంది. టెన్నెసీలో ఏడాదే. ఫ్లోరిడాలో నిర్లక్ష్యం వల్ల తగిలిన గాయాలకు నాలుగేళ్లు ఉండేది, 2023 మార్చిలో దాన్ని రెండేళ్లకు తగ్గించారు. ఇంటర్నెట్‌లో పాత వ్యాసాలన్నీ నాలుగేళ్లనే చెప్తాయి. వాటిని చదివి నేర్చుకున్న చాట్‌బాట్‌ని అడిగి 'ఇంకా టైం ఉందిలే' అని కూర్చుంటే, కేసు ఎంత బలమైనదైనా తలుపు మూసుకుపోతుంది. గడువు మాత్రం లాయర్‌నే అడగండి, ప్రమాదం జరిగిన వారంలోనే అడగండి.

ఇంకో మాట కూడా బాధితులకే. రాత్రిపూట నిద్ర పట్టక, నొప్పి గురించి, ప్రమాదం గురించి ఏఐతో మాట్లాడేవాళ్లు పెరిగారు. నాకు అర్థమవుతుంది, మనసు విప్పి చెప్పుకోవడానికి ఎవరో కావాలి. కానీ లాయర్‌తో మాట్లాడినదానికి ఉన్న రహస్య రక్షణ ఆ మాటలకూ ఉంటుందని అనుకోకండి. 'నేను కూడా కొంచెం స్పీడ్‌లో ఉన్నానేమో' అని మీరు అక్కడ టైప్ చేసింది రేపు అవతలి లాయర్ చేతికి రావచ్చు. ఆల్బామా, మేరీల్యాండ్, నార్త్ కరోలినా, వర్జీనియాలాంటి చోట్ల బాధితుడి తప్పు కొంచెం ఉన్నా మొత్తం పరిహారం పోయే ప్రమాదం ఉంది. అలాగే 'నా కేసు ఎంత పలుకుతుంది' అని అడిగి ఒక అంకె పట్టుకుని వస్తున్నారు. ఆ అంకెకు గుద్దినవాళ్ల ఇన్సూరెన్స్ పరిమితి ఎంతో తెలియదు, సెటిల్‌మెంట్ లోంచి మీ హెల్త్ ఇన్సూరెన్సో, మెడికేరో (ముఖ్యంగా వృద్ధులకు ఉన్న ప్రభుత్వ ఆరోగ్య బీమా) వెనక్కి తీసుకునే వాటా ఎంతో తెలియదు.

ఇక మొదట అడిగిన ప్రశ్నకి వస్తాను. అమెరికాలో ఈ కేసులు గెలిస్తేనే ఫీజు అనే పద్ధతిలో నడుస్తాయి. సాధారణంగా వచ్చినదాంట్లో మూడో వంతు, కేసు కోర్టుకెక్కితే 40 శాతం దాకా. గంటల లెక్క లేదు కాబట్టి, పని పదో వంతు సమయంలో అయిపోయినా ఆ మూడో వంతు మారదు. లాయర్ల సంఘమైన అమెరికన్ బార్ అసోసియేషన్ 2024 జూలైలో ఏఐ వాడకంలో లాయర్ల నీతి నియమాల మీద 512వ నంబరు అభిప్రాయం ఇచ్చింది. ఏఐ వల్ల పని చాలా త్వరగా అయిపోతున్నప్పుడు అదే ఫిక్స్‌డ్ ఫీజు తీసుకోవడం సమంజసం కాకపోవచ్చని, ఫీజు న్యాయంగా ఉండాలన్న నియమం వాటా ఫీజులకూ వర్తిస్తుందని అందులో ఉంది. క్లయింట్ రహస్యాలను, తన దగ్గరికొచ్చిన సమాచారం నుంచి నేర్చుకునే ఏఐలో పెట్టాలంటే క్లయింట్‌కి విషయం అర్థమయ్యేలా చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలని, ఒప్పందంలో ఓ మూల ఒక లైను పెడితే సరిపోదని కూడా ఉంది. మానసిక చికిత్స నోట్లు, పాత గర్భస్రావాల వివరాలు, మత్తు అలవాట్లు, అన్నీ మా ఫైళ్లలో ఉంటాయి. ఆ ఒక్క నియమం కోసమైనా ఆ అభిప్రాయాన్ని నేను గౌరవిస్తాను.

ఫీజు శాతం తగ్గించిన ఆఫీసులు నా కంటికి కనబడలేదు. పైగా కొన్ని చోట్ల ఏఐ సారాంశానికి అయిన ఖర్చును కేసు ఖర్చుల కింద క్లయింట్ వాటాలోంచి తీస్తున్నారు. ఇది నాకు అన్యాయంగా అనిపిస్తుంది. నా జీతాన్ని క్లయింట్ సెటిల్‌మెంట్ షీటులో వేయరు కదా.

అయినా నాకు ఆశ కలిగేది ఒక చోట, చిన్న కేసుల్లో. మెడ పట్టేసి రెండు మూడు నెలలు ఫిజియోథెరపీకి తిరిగిన హోటల్ పనమ్మాయి, ఎముకలు విరగలేదు, ఆపరేషన్ లేదు. ఇలాంటివాళ్లని ఇంతకుముందు చాలా ఆఫీసులు మర్యాదగా వెనక్కి పంపేసేవి. రికార్డులు తెప్పించి, చదివి, లెటర్ రాసే ఖర్చుకి వచ్చే ఫీజు సరిపోయేది కాదు. వాళ్లు అడ్జస్టర్ మొదటిసారి చెప్పిన అంకెకే సంతకం పెట్టేవాళ్లు. ఇప్పుడు ఆ చదువు ఖర్చు తగ్గింది కాబట్టి మా ఆఫీసు అలాంటి కేసులు తీసుకుంటోంది. ఏఐ ఈ వృత్తికి చేసిన మేలు ఏదైనా ఉంటే అది ఇదే అని నా నమ్మకం. అయితే ఇదే తలుపులోంచి వేల కేసులు ఒకేసారి ఎక్కించుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా లెటర్లు పంపి, వచ్చినదానికి ఒప్పేసుకునే ఆఫీసులు కూడా వస్తున్నాయి. రెండింటికీ వాడేది ఒకే సాఫ్ట్‌వేర్. బయట నుంచి చూస్తే తేడా తెలియదు.

తేడా తెలుసుకోవాలంటే సంతకం పెట్టే ముందు అడగాలి. నా రికార్డులు ఏ సాఫ్ట్‌వేర్‌లో పెడతారు, అది వాటి నుంచి నేర్చుకుంటుందా? అది రాసిన సారాంశాన్ని అసలు పేజీలతో ఎవరు సరిచూస్తారు, వాళ్లకి మెడికల్ రికార్డులు చదవడం వచ్చా? చేత్తో రాసిన కాగితాలు ఎవరు చదువుతారు? లెటర్ పంపే ముందు నాకు చూపిస్తారా? ఆ సాఫ్ట్‌వేర్ ఖర్చు ఎవరి వాటాలోంచి పోతుంది? మంచి లాయర్‌కి ఈ ప్రశ్నలు ఇబ్బంది పెట్టవు. జవాబులు కాగితం మీద రాసి ఇమ్మనండి.